డాక్టర్ సలహా: జీపీఎస్ లెక్కలు బాగానే ఉన్నాయి, నెలసరి ఆగిపోయింది... ఆట వల్ల ఇది మామూలేనా?

ప్రశ్న: నా వయసు 21 ఏళ్లు, ఎత్తు 158 సెంటీమీటర్లు. ఒక ఫుట్‌బాల్ క్లబ్‌లో కాంట్రాక్టుపై మిడ్‌ఫీల్డర్‌గా ఆడుతున్నాను. వారానికి ఆరు రోజులు ఉదయం ఆరింటికి గచ్చిబౌలి వైపు 90 నిమిషాల ప్రాక్టీసు ఉంటుంది. నాలుగున్నరకే టీ, నాలుగు బిస్కెట్లు తీసుకుని బయలుదేరుతాను. రోజూ లేవగానే ఫోన్‌లో నిద్ర, అలసట, కండరాల నొప్పి, ఒత్తిడి, మూడ్ గురించి ఐదేసి మార్కులకు ఎన్నో వేసి పంపాలి. ప్రాక్టీసు అయ్యాక ఎంత కష్టంగా అనిపించిందో పదికి ఎంతో చెప్పాలి. మైదానంలో జీపీఎస్ చొక్కా వేసుకుంటాం. నెలన్నరగా విపరీతమైన నీరసం. బరువు 53 నుంచి 50 కిలోలకు తగ్గింది. మూడు నెలలుగా నెలసరి రాలేదు. పరిగెత్తితే ఎడమ కాలి ముందు ఎముక ఒకచోట నొప్పి పెడుతోంది. కోచ్ మాత్రం చొక్కా లెక్కల్లో దూరం, వేగం తగ్గలేదంటున్నారు. జట్టులో చోటు పోతుందేమోనని నేను ఫోన్‌లో అన్నీ బాగున్నట్టే పెట్టి, ప్రాక్టీసుకు రోజూ ‘5’ అని రాస్తున్నాను. కష్టపడి ఆడేవాళ్లకు నెలసరి ఆగడం మామూలేనని తోటి అమ్మాయిలు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, బోడుప్పల్

జవాబు: మామూలు కాదమ్మా. మూడు నెలలుగా నెలసరి రాకపోవడం, ప్రయత్నించకుండానే మూడు కిలోలు తగ్గడం, ఎముకలో ఒకేచోట నొప్పి రావడం విడివిడి సమస్యలుగా కనిపిస్తున్నా, ఇవి ఒకే మూలం నుంచి వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. ఆ మూలం మీరు పరిగెత్తిన దూరంలో కంటే, ఆ పరుగుకు మీ శరీరం ఎంత మూల్యం చెల్లిస్తోందన్న దానిలో ఉంది. మీ చొక్కా మొదటిదాన్ని మాత్రమే కొలుస్తుంది. రెండోదాన్ని కొలిచే సాధనం మీ చేతిలోనే ఉంది. దానిలో మీరు నెలన్నరగా నిజం రాయడం లేదు.

ముందు ఈ కొలతల సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ కోచ్ మాట తప్పు కాదు, అది సగం మాట. జీపీఎస్ చొక్కా మీరు ఎన్ని మీటర్లు కదిలారో, ఎన్నిసార్లు వేగం అందుకున్నారో, ఎన్నిసార్లు గబుక్కున ఆగారో చెబుతుంది. ఉన్నత స్థాయి మహిళల మ్యాచ్‌లో ఒక్కో క్రీడాకారిణి సుమారు 10 కిలోమీటర్లు పరిగెత్తుతుంది కాబట్టి, ఆ లెక్క లేకుండా ప్రాక్టీసును మ్యాచ్‌కు తగ్గట్టు మలచడం కష్టం. దీన్ని బయటి భారం అంటాం. కాటా బస్తా బరువు చెబుతుంది గాని, మోసే మనిషి నడుము ఎలా ఉందో చెప్పదు. నిన్న కడుపు నిండా తిని, ఎనిమిది గంటలు పడుకుని వచ్చిన అమ్మాయికీ, ఏమీ తినకుండా ఐదు గంటల నిద్రతో వచ్చిన అమ్మాయికీ చొక్కాలో ఒకే దూరం పడవచ్చు. లోపల గుండె, కండరాలు, హార్మోన్లు పడిన శ్రమ మాత్రం ఒకటి కాదు. పైగా ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, జట్టులో చోటు నిలుపుకోవాలన్న పట్టుదల ఉన్న క్రీడాకారిణి ఒంట్లో శక్తి తగ్గుతున్నా కొన్ని వారాలపాటు దూరాన్ని తగ్గనివ్వదు. అందుకే చొక్కాలో లెక్క పడిపోయేదాకా ఆగితే ఆలస్యమవుతుంది.

ఆ లోపలి భారాన్ని పట్టుకోవడానికే మీ నుంచి పదికి ఎంతో అడుగుతున్నారు. స్వీడన్ శాస్త్రవేత్త గున్నర్ బోర్గ్ రూపొందించిన శ్రమ కొలమానాన్ని అమెరికాకు చెందిన కార్ల్ ఫోస్టర్ 1990లలో ప్రాక్టీసు మొత్తానికి అన్వయించారు. పద్ధతి చాలా తేలిక: ప్రాక్టీసు ముగిసిన సుమారు అరగంట తర్వాత, చివరి పరుగు ఆయాసం తగ్గాక, మొత్తం మీద ఎంత కష్టంగా ఉందో ఒక అంకె చెప్పాలి, ఆ అంకెను నిమిషాలతో గుణించాలి. 90 నిమిషాల ప్రాక్టీసుకు మీరు 5 అంటే ఆ రోజు భారం 450. మీకు నిజంగా 8 అనిపించి ఉంటే అది 720. రోజుకు 270 చొప్పున ఆరు రోజులకు 1,620 పాయింట్ల శ్రమ మీ శరీరం మోసింది, క్లబ్ కాగితంపై మాత్రం అది లేదు. ఆ కాగితాన్ని చూసే వచ్చే వారం ప్రాక్టీసు నిర్ణయిస్తారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఫోస్టర్ వారంలోని భారం ఎంత ఒకేలా ఉందో కూడా లెక్కగట్టారు. రోజువారీ సగటును, రోజుకూ రోజుకూ మధ్య ఉన్న హెచ్చుతగ్గుల కొలతతో భాగిస్తే ఆ అంకె వస్తుంది. ఆరు రోజులు 450, ఏడో రోజు సున్నా అయితే అది 2 దాటుతుంది. అదే 2,700 మొత్తాన్ని ఒకరోజు 700, మరో రోజు 300, తర్వాత 600, 200, మ్యాచ్ రోజు 900, రెండు రోజులు పూర్తి విశ్రాంతిగా పంచితే 1కి కాస్త పైన ఆగుతుంది. మొత్తం ఒకటే అయినా మొదటి వారం ఒంటిని ఎక్కువ అరగదీస్తుంది. కష్టమైన రోజు నిజంగా కష్టంగా, తేలిక రోజు నిజంగా తేలికగా ఉండాలన్నది దీని సారం. మీరు రోజూ 5 రాయడం వల్ల, వారంలో ఏ రోజు మిమ్మల్ని దెబ్బ తీస్తోందో మీ శిక్షకులకు తెలిసే దారి మూసుకుపోయింది. శ్రద్ధగా చూసే శిక్షకుడికి వారాల తరబడి ఒకే అంకె కనిపించడమే అనుమానం కలిగించాలి. అలా అడగకపోవడం వాళ్ల వైపు లోపమని కూడా నేను అనుకుంటాను. ఈ వారం భారాన్ని గత నాలుగు వారాల సగటుతో పోల్చి, ఆ నిష్పత్తి 0.8 నుంచి 1.3 మధ్య ఉంటే గాయాలు రావని చెప్పే సూత్రం కూడా క్లబ్‌లలో వినిపిస్తుంటుంది. దాని లెక్క తీరుపైనే శాస్త్రవేత్తల మధ్య గట్టి అభ్యంతరాలున్నాయి కనుక దాన్ని లక్ష్మణరేఖగా భావించవద్దు.

ఉదయం పంపే ఐదు మార్కుల పట్టికను చాలామంది తతంగంగా చూస్తారు. కాని 2016లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష పదుల అధ్యయనాలను పరిశీలించి, శిక్షణ భారంలో వచ్చే మార్పులను రక్తపరీక్షలు, గుండె వేగం వంటి కొలతల కంటే క్రీడాకారులు తమ గురించి తాము చెప్పే మాటలే మెరుగ్గా పట్టిస్తాయని తేల్చింది. ఈ మార్కులను తోటి ఆటగత్తెతో పోల్చకూడదు. మీ సొంత మామూలు స్థాయితోనే పోల్చాలి. నిద్రకు ఎప్పుడూ 4 వేసే అమ్మాయి వరుసగా మూడు రోజులు 2 వేస్తే అది కబురు. మీ పట్టికలో నాకు కనిపించిన పెద్ద లోటు ఏమిటంటే, అది మహిళల జట్టు పట్టిక అయినా అందులో నెలసరి గురించిన గడి లేదు. 2019 ప్రపంచకప్ గెలిచిన అమెరికా జట్టు తమ క్రీడాకారిణుల నెలసరి వివరాలను గమనిస్తూ నిద్ర, ఆహారం సరిచూసుకుంది. తర్వాత ఇంగ్లండ్‌లో చెల్సీ మహిళల జట్టూ ఆ దారి పట్టింది. నెలసరి ఏ దశలో ఉంటే ఏ వ్యాయామం చేయాలన్న రెడీమేడ్ పట్టికలను నేను సమర్థించను, ఎందుకంటే ఆటపై ఆ ప్రభావం సగటున స్వల్పం, మనిషిని బట్టి మారుతుంది. నెలసరి వస్తోందా, ఎన్ని రోజులకు వస్తోంది అన్నది మాత్రం ఏ చొక్కా చూపలేని ఆరోగ్య సూచిక.

అది ఎందుకు ఆగుతుందంటే, తిన్న ఆహారంలో ప్రాక్టీసుకు ఖర్చయిన శక్తి పోగా మిగిలిన దానితోనే శరీరం గుండె, మెదడు, ఎముకలు, హార్మోన్లు అన్నిటినీ నడపాలి. కొవ్వు తీసేసిన శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు సుమారు 45 కిలో కేలరీలు మిగిలితే అవన్నీ సజావుగా నడుస్తాయి. 30 కంటే తగ్గితే చాలామంది స్త్రీలలో మెదడు సంతానోత్పత్తికి సంబంధించిన హార్మోన్లను తగ్గించుకుంటూ వస్తుంది. ఇది అందరికీ ఒకేచోట గీసిన గీత కాదు గాని, మీ లెక్క చూడండి. మీ బరువు 50 కిలోల్లో కొవ్వు పోగా సుమారు 40 కిలోలు అనుకుందాం. ప్రాక్టీసుకు 600 ఖర్చయి, రోజంతా తిన్నది 1,700 అయితే మిగిలేది 1,100, అంటే కిలోకు 27, 28. అదే 45 మిగలాలంటే మీరు సుమారు 2,400 తినాలి. టీ, బిస్కెట్లతో మొదలయ్యే రోజులో అది జరగడం చాలా కష్టం. మీ ఎత్తుకు 50 కిలోలు సరైన బరువే కాబట్టి బయటివాళ్లకు మీరు ఆరోగ్యంగానే కనిపిస్తారు. ఈ లోటు అందుకే ఇంట్లోవాళ్ల కంట కూడా పడదు. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో ఈ స్థితిని క్రీడల్లో శక్తి లోటుగా గుర్తించి, 2023లో ఆ మార్గదర్శకాలను మరోసారి సవరించింది. నెలసరి ఒక్కటే కాదు, ఎముకల బలం, రోగనిరోధకత, నిద్ర, మానసిక స్థితి కూడా దీనివల్ల దెబ్బతింటాయి.

అయితే ఉత్తరం చదివి దీన్ని నిర్ధారించడం సరికాదు. నెలసరి ఆగినప్పుడు ఎవరికైనా మొదట గర్భ పరీక్ష చేయడం వైద్య పద్ధతి. అందులో నొచ్చుకోవలసింది ఏమీ లేదు. తర్వాత థైరాయిడ్, ప్రొలాక్టిన్, అండాశయ హార్మోన్ల పరీక్షలు, అవసరమైతే స్కానింగ్ చేసి పీసీఓఎస్ (అండాశయాల పనితీరు, హార్మోన్లు గతి తప్పే సమస్య) వంటి ఇతర కారణాలు లేవని తేల్చుకున్నాకే శక్తి లోటు అని చెప్పాలి. గైనకాలజిస్టును, వీలైతే క్రీడా వైద్యులను కలవండి. హార్మోన్ మాత్రలతో నెలసరి తెప్పించుకోవాలని ఎవరైనా సలహా ఇస్తే తొందరపడకండి. ఆ మాత్రలతో వచ్చే రక్తస్రావం, లోటు తీరిందన్నదానికి గుర్తు కాదు. అది అసలు సమస్యను కప్పేస్తుంది, ఎముకలకు రావలసిన బలమూ రాదు.

కాలి నొప్పి విషయంలో మాత్రం ఈ రోజు నుంచే పరుగు, దూకడం ఆపేయండి. ఎముక పొడవునా విస్తరించి, ఒళ్లు వేడెక్కాక తగ్గే నొప్పి ఒక రకం. వేలితో చూపగలిగినంత ఒకేచోట ఉండి, పరిగెత్తే కొద్దీ పెరిగే నొప్పి మరో రకం. మీరు రాసింది రెండో దానికి దగ్గరగా ఉంది, పైగా నెలసరి ఆగి ఉంది. ఎముకలో సన్నని పగులు మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో తరచుగా కనిపించదు, అందువల్ల ఎక్స్‌రే బాగుందనగానే మైదానానికి వెళ్లిపోకుండా ఎంఆర్ఐ అవసరమేమో అడగండి. ఇప్పుడు పట్టుకుంటే చాలామటుకు కొన్ని వారాల విశ్రాంతితో పోయేది, దాచుకుని ఆడితే సీజన్ మొత్తాన్నీ మింగేయవచ్చు.

నీరసానికి రక్తహీనత కూడా తోడై ఉండవచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 12 దాటిందని సరిపెట్టుకోకుండా, శరీరంలోని ఐరన్ నిల్వ తెలిపే ఫెరిటిన్ కూడా చేయించండి; నిల్వలు ఖాళీ అయ్యాకే హిమోగ్లోబిన్ తగ్గడం మొదలవుతుంది. ఇక తిండి. నాలుగున్నరకు పెద్ద భోజనం సాధ్యం కాదు గాని, అరటిపండు, రెండు ఖర్జూరాలు, ఒక గ్లాసు పాలు సాధ్యమే. ప్రాక్టీసు ముగిసిన గంటలోపు గుడ్లతో ఇడ్లీయో ఉప్మాయో తినేలా డబ్బా వెంట తీసుకువెళ్లండి, ఇంటికి చేరేదాకా ఆగవద్దు. మధ్యాహ్నం, రాత్రి అన్నంతో పాటు పప్పు, పెరుగు, ఆకుకూర తప్పనిసరి. మాంసాహారులైతే వారంలో ఒకటి రెండుసార్లు కార్జం మంచిది. ఆకుకూరలో నిమ్మరసం పిండుకుంటే ఐరన్ బాగా ఒంటబడుతుంది. టీలోని పదార్థాలు దాన్ని అడ్డుకుంటాయి, అందుకే భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీ వద్దని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో కూడా ఉంది. మీరు ఉపవాసాలు చేస్తుంటే కోలుకునే దాకా ఆపాలి. ఇంట్లో పెద్దలకు ఇది డాక్టర్ చెప్పిన మాటగానే చెప్పండి. ఎండాకాలంలో ఇక్కడ తెల్లవారి ప్రాక్టీసులో కూడా చెమట చాలా పోతుంది. మైదానంలోకి దిగే ముందు, వచ్చిన తర్వాత బరువు చూసుకుని, తగ్గిన ప్రతి కిలోకు సుమారు లీటరున్నర ద్రవాలు ఉప్పు వేసిన మజ్జిగతోనో నిమ్మరసంతోనో కలిపి కొన్ని గంటల్లో తీసుకోవాలి.

చివరగా మీ భయం గురించి. అది నిరాధారమని నేను అనలేను. మార్కులను చూసి తుది జట్టును తేల్చే క్లబ్‌లో ఏ అమ్మాయీ నిజం రాయదు, అప్పుడు ఆ కొలతలకు ఖర్చు పెట్టిన డబ్బంతా వృథాయే. నిజమైన అంకె చెప్పిన వారికి శిక్ష పడదన్న హామీ శిక్షకుల నుంచి రావాలి. మీరు ముందు జట్టు ఫిజియోతోనో డాక్టర్‌తోనో ఒంటరిగా మాట్లాడండి. నెలసరి వివరాలను అందరూ చూసే వాట్సాప్ గ్రూపులో పెట్టాల్సిన అవసరం లేదు; అవి డాక్టర్ దగ్గరే ఉండాలి, కోచ్‌కు మీరు పూర్తిగా ఆడవచ్చా, పరిమితంగా ఆడాలా, విశ్రాంతి తీసుకోవాలా అన్నది మాత్రం చేరితే చాలు. “నెలన్నరగా నేను రాసిన మార్కులు సరైనవి కావు, రేపటి నుంచి నిజం రాస్తాను” అని చెప్పడానికి సిగ్గుపడకండి. పరీక్షకు వచ్చేటప్పుడు గత ఆరు నెలల నెలసరి తేదీలు, మూడు రోజులపాటు తిన్నవన్నీ రాసిన కాగితం, మీ ఫోన్‌లోని ఆ మార్కులు తీసుకురండి. ఏ రోజు అబద్ధం రాశారో గుర్తున్నంత వరకు పక్కన అసలు అంకె రాయండి. రాత్రి పడుకున్నప్పుడు కూడా ఎముక నొప్పి వస్తున్నా, నడిచేటప్పుడు కుంటుతున్నా ఆ వివరాలు సిద్ధమయ్యేదాకా ఆగకుండా అదే రోజు ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి.