సరోజమ్మ గాజుల సంగతి

చిన్నీకి,

నీ నవల 90 పేజీలూ రెండు రాత్రుల్లో చదివాను. ఏడో అధ్యాయం దగ్గర బండి ఆగిపోయింది, ఏదైనా మలుపు చెప్పు పెద్దమ్మా అన్నావు. నా దగ్గర ఎక్కడుందే తల్లీ. అది నీ నవలలోని సరోజమ్మ దగ్గరుంది, నువ్వే ఆవిడను అడగలేదు.

ఆవిడ చీటీలు నడుపుతుందన్నావు. చాలా మంచిదని మూడు చోట్ల రాశావు. ఒక్క చీటీ పాట కూడా నాకు చూపించలేదు. 20 మంది, నెలకు 5 వేలు, లక్ష చీటీ అనుకో. డబ్బు అవసరమై మూడో నెలలోనే 30 వేలు వదులుకుని పాడేసుకున్న కుర్రాడు ఆరో నెల నుంచి కట్టడం మానేశాడు. మిగతావాళ్లకు జవాబు చెప్పుకోవాల్సింది సరోజమ్మే. ఏం చేస్తుంది? గాజులు కుదువపెట్టి తానే కట్టేసి ఎవరికీ చెప్పదా? పొద్దున్నే వెళ్లి వాళ్ల అరుగు మీద కూర్చుంటుందా? వాడి తల్లి చిన్ననాటి స్నేహితురాలు కాబట్టి ముందు ఆవిడ చెవిన వేస్తుందా? ఏది చేసినా నీకో అధ్యాయం దొరుకుతుంది. గాజులు పెడితే, అవేవమ్మా అని కూతురు అడిగిన రోజు ఇంకో అధ్యాయం. అప్పుడు సరోజమ్మ చెప్పే అబద్ధం నీ చెవికి వినబడాలి.

అలాగని పాత్రల బయోడేటాలు రాస్తూ కూర్చోకు. ఆ పని నేను చేశాను. మొదటి నవలకు హీరో ఎత్తు, చెప్పుల సైజు, ఇష్టమైన కూర, అన్నీ ఓ నోటుబుక్కు నిండా రాసుకున్నాను. రెండేళ్లు గడిచినా నవల రెండో అధ్యాయం దాటలేదు. అతనికి గుత్తివంకాయ ఇష్టమని తెలిస్తే ఏం లాభం? ఆ కూర వండిపెట్టిన చెల్లెలికే ఇంటి వాటా ఎగ్గొడతాడా లేదా, అది తెలియాలి నాకు.

ఆ కుర్రాణ్ణి ఉత్త మోసగాణ్ణి చేయకు, వాడి లెక్క వాడికుంటుంది. ఇంకోటి, నీ మనుషులందరూ నీలాగే మాట్లాడుతున్నారు. మీ అమ్మమ్మ "సరేలే, చూద్దాం" అందంటే ఆ పని జరగదని మనందరికీ తెలుసు కదా. సరోజమ్మ "కాదు" అని ఎలా అంటుందో కనుక్కో.

ఈ కుర్రాడు మొదటి అధ్యాయంలో లేడే అని వెనక్కి పరిగెత్తకు. 'ఇతన్ని ముందే తేవాలి' అని పక్కన పెన్సిల్‌తో రాసుకుని ముందుకు పో. గురజాడవారు 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని 1909 నాటికి దాదాపు కొత్త నాటకంలా తిరగరాశారు. మనం ఇవాళ చెప్పుకునే మధురవాణి ఆ రెండో రాతలో ఎదిగిన మనిషే. అచ్చయినదాన్నే ఆయన మళ్లీ రాసుకుంటే, చిత్తుప్రతికి నీకెందుకే అంత టెన్షన్?

సంక్రాంతికి వస్తావుగా. పేజీలు మోసుకురానక్కర్లేదు. సరోజమ్మ గాజులు కుదువపెట్టిందా లేదా, ఆ ఒక్కటీ నోటితో చెప్పు.

పెద్దమ్మ