మేనకోడలికి, ఆ మూడో గురువారం గురించి

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, నీ మేనకోడలు అర్ధరాత్రి ఏదో పల్లెటూళ్ళో వైను పీపాలు తెరిచే జాతరకు వెళ్తుందట, నువ్వైనా వద్దని చెప్పు" అంది. ముందు నవ్వొచ్చింది. ఆ తరువాత నిద్ర పట్టలేదు. బెజవాడ స్టేషన్లో టిక్కెట్టు కొనడానికి కూడా నన్ను వెంటబెట్టుకు వెళ్ళిన పిల్ల, ఇవాళ ల్యాబులో నలుగురిని కూడగట్టి ఫ్రాన్సులో బోజొలే కొండలకు, బోజొలే నూవో అనే కొత్త వైన్ పండగకు ప్రయాణం కట్టిందంటే నాకు గర్వంగా ఉండదా? నిద్ర పట్టకపోవడానికి కారణం కింద రాస్తాను. వద్దని మాత్రం చెప్పను. లియోన్‌లో అంతకాలం ఉద్యోగం చేసి, ప్రతి నవంబరులో ఆ గ్లాసు పుచ్చుకున్నవాణ్ణి, నీకు వద్దని ఏ ముఖంతో చెబుతాను?

ఆ వైన్ విడుదలయ్యే రోజు సరిగా చూసుకో. 1985కు ముందు నవంబరు 15 అని తేదీ ఉండేది, తరువాత మూడో గురువారానికి మార్చారు. ఆ గురువారం బుధవారం రాత్రి పన్నెండు దాటగానే మొదలవుతుంది. కొత్తవాళ్ళు తప్పటడుగు వేసేది ఇక్కడే. గురువారం సాయంత్రం తీరిగ్గా ఆ జాతర జరిగే బోజు ఊరు చేరితే తాగడానికి దొరుకుతుంది కానీ అసలు తంతు అయిపోయి ఉంటుంది. బుధవారం చీకటి పడేసరికే అక్కడ ఉండండి. ద్రాక్షతోటల్లో కత్తిరించిన తీగలను మండిస్తూ ఊరేగింపు వస్తుంది, పన్నెండు కొట్టగానే పీపాలకు కుళాయి దిగ్గొడతారు. భోజనానికీ వైన్లు రుచి చూడటానికీ టిక్కెట్లు ముందే కొనుక్కోండి.

ఉన్ని బట్టలు వేసుకో. ఫొటోల కోసం పల్చటి చీర కట్టుకుంటానన్నావట. ఆ మాట నా ముందు అని చూడు.

ఖాళీ కడుపుతో గ్లాసు ముట్టవద్దు. వాళ్ళు ముందుగా సాసేజి ముక్కలు తెచ్చి పెడతారు, అది పంది మాంసం, నువ్వు తినవు. బయలుదేరే ముందే లియోన్‌లో బుషోన్ అనే అక్కడి చిన్న భోజనశాల ఏదైనా చూసుకుని సెర్వెల్ ద కన్యూ తిను. చిన్న ఉల్లి, వెల్లుల్లి, ఆకులు తరిగి కలిపిన తెల్ల చీజ్ అది, రొట్టెతో బాగుంటుంది. గ్లాసుకూ గ్లాసుకూ మధ్య మంచినీళ్ళు తాగు. పళ్ళరసంలా జారిపోతుంది కానీ అందులో ఆల్కహాలు మిగతా రెడ్ వైన్లతో సమానంగానే ఉంటుంది, 12, 13 శాతం.

ఇక మీ నాన్న చేసిన పని. ఈ సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు.

నువ్వు పుట్టకముందు బావ ఒక నవంబరులో నా దగ్గరికి వచ్చాడు. సరిగ్గా ఆ వారమే. బుషోన్‌కు తీసుకువెళ్ళి, లియోన్ వాళ్ళు "పో" అనే ఆ మందపాటి అడుగున్న సీసాలో కొత్త వైన్ పోయించాను. అందులో 46 సెంటీలీటర్లే పడుతుంది. బావకు తెగ నచ్చింది. ఊదారంగు, అరటిపండు వాసన, మధ్యలో ఎర్ర పళ్ళ పులుపు. మరునాడు తనే వెళ్ళి రెండు సీసాలు కొనుక్కొచ్చి పంచెల మధ్య చుట్టి పెట్టెలో పెట్టుకున్నాడు. విమానాశ్రయంలో వదిలిపెడుతూ చెప్పాను, ఉగాది లోపల తాగేయమని. "బావగారూ, వైన్ ఎంత పాతబడితే అంత విలువని పసిపిల్లలకు కూడా తెలుసు" అన్నాడు. ఆయనకు ఒకరు చెప్పాలా!

ఆ సీసాలు మీ అమ్మ పట్టుచీరల బీరువాలో అడుగున చేరాయి. బెజవాడ ఎండలు నీకు తెలుసు. రోహిణి కార్తె ఒకటి దాటింది, ఇంకొకటి, మరొకటి దాటింది. చివరకు మీ నాన్నకు ప్రమోషను వచ్చి, పై అధికారిని భోజనానికి పిలిచిన రోజున ముహూర్తం కుదిరింది. "ఫ్రాన్సు సరుకు, ఇన్నేళ్ళు దాచాను" అని అందరికీ చెప్పి మరీ బిరడా తీశాడట. వైన్ ఇటుక రంగుకు తిరిగిపోయింది. అరటిపండు లేదు, పూలు లేవు, పుల్లగా నీరసంగా ఏదో ఉంది. ఆ పెద్దమనిషి ఒక్క గుక్క మింగి, "అమ్మా, మజ్జిగ ఉందా?" అని మీ అమ్మను అడిగాడట. ఆ రాత్రే నాకు ఫోను. నాసిరకం అంటగట్టానని, ఫ్రాన్సు వాళ్ళంతా ఒట్టి డాబని, నేను కూడా వాళ్ళలో చేరిపోయానని. రెండో సీసా వంటింటి తూములో పోశాడు. ఇప్పుడు నీ ప్రయాణం మాట వచ్చినప్పుడల్లా పేపరు అడ్డం పెట్టుకుంటున్నాడంటే కారణం ఆ మజ్జిగే.

నేను రసాయనాల మనిషిని కాబట్టి అసలు విషయం చెప్పనివ్వు. మామూలు రెడ్ వైన్‌కు ద్రాక్షను చిదిపి, తొక్కలతో రోజుల తరబడి నానబెడతారు. తొక్కల నుంచీ గింజల నుంచీ దిగే టానిన్ అనే వగరు పదార్థం, పండులోని ఆమ్లం, ఇవి దాన్ని ఏళ్ళపాటు నిలబెడతాయి. బోజొలేలో గమే అనే ద్రాక్షను చేత్తో కోసి, గుత్తులను గుత్తులుగానే తొట్టిలో వేసి మూస్తారు. అడుగునవి బరువుకు చితికి పులవడం మొదలవుతుంది, వచ్చిన కార్బన్ డయాక్సైడ్ పైదాకా నిండుతుంది. గాలి అందక పై పళ్ళు తమ తొక్కలోపలే పులవడం మొదలుపెడతాయి. కొద్ది రోజుల్లో రంగు దిగుతుంది, వాసన పుడుతుంది, టానిన్ మాత్రం పెద్దగా దిగదు. ఆ అరటిపండు వాసన ఐసోఅమైల్ అసిటేట్ అనే ఎస్టర్‌ది, నెలల్లో తరిగిపోతుంది. సెప్టెంబరులో కోసింది నవంబరులో గ్లాసులో ఉంటుందంటే ఇందుకే. ముంజెలను ముదిరాక తిందామని ఎవరైనా దాచుకుంటారా?

మీ ల్యాబులో ఎవరో "అది వైనే కాదు" అని వెక్కిరించారట. వాదించకు. గమేకు తిట్లు కొత్త కాదు. 1395లోనే పక్కనున్న బర్గండీ ప్రాంతాన్ని ఏలిన డ్యూక్ ఫిలిప్ ఆ తీగలు పీకి పారేయమని ఆజ్ఞ ఇచ్చాడు. అది దక్షిణాన బోజొలే గ్రానైటు కొండల్లో నిలదొక్కుకుంది. పోయిన శతాబ్దంలో జార్జ్ దుబఫ్ లాంటి వ్యాపారులు ఈ కొత్త వైన్‌ను ప్రపంచమంతా తిప్పారు. జపాన్‌లో అర్ధరాత్రి ముందు వస్తుంది కాబట్టి ఫ్రాన్సు కంటే ఎనిమిది గంటలు ముందే తాగుతారు. హకోనేలో ఒక వేడినీటి స్నానశాలలో దాన్ని తొట్టిలో పోసుకుని మునుగుతారు కూడా. అది మరీ చోద్యం అనుకో.

ఇప్పుడు నాకు నిద్ర పట్టని సంగతి. బోజుకు రైలు లేదు, బెల్‌విల్ దాకానే. అక్కడి నుంచి రోడ్డు. మీలో ఎవరో కారు తీస్తారని విన్నాను. ఎవరు? అతను తాగడా? "ఒక్క గ్లాసే" అంటే ఒప్పుకోకు. ఫ్రాన్సులో లీటరు రక్తానికి 0.5 గ్రాములు దాటితే నేరం, లైసెన్సు కొత్తదైతే 0.2 గ్రాములే, అది ఒక్క గ్లాసుతోనే దాటిపోతుంది. పోలీసుల సంగతి వదిలెయ్. నవంబరులో సోన్ నది లోయలో పొగమంచు పడితే పది అడుగుల అవతల ఏముందో తెలియదు. మా ప్లాంటులో ఒక కుర్రాడు ఉండేవాడు, ఆ రాత్రి తరువాత డ్యూటీకి రాలేదు. ఇంతకంటే రాయలేను తల్లీ. నడిపే మనిషి పేరు బయలుదేరే ముందే నాకు పంపు. లేదా ఆ ఊళ్ళోనే గదులు తీసుకుని తెల్లారాక రండి, డబ్బు నేను పంపుతాను. మొహమాటపడితే మీ అమ్మ మాటే నా మాట అవుతుంది.

గది చేరగానే అమ్మకు ఒక ముక్క రాయి. నీకు పన్నెండైతే ఇక్కడ నాలుగున్నర, ఆవిడ ఎలాగూ మేలుకునే ఉంటుంది.

సంక్రాంతికి వస్తావు కదా, రెండు సీసాలు తీసుకురా. ఒకటి నాకు, మోర్గాన్. అది బోజొలేలోని పది క్రూల్లో, అంటే తమ పేరుతోనే వైన్ అమ్ముకునే మేటి ప్రాంతాల్లో, ఒకటి, కొన్నేళ్ళు దాచినా నిలుస్తుంది, నా దగ్గర చల్లటి మూల ఉంది. రెండోది మీ నాన్నకు, ఈ ఏటి నూవో. పండగ నాలుగు రోజులూ ముట్టనివ్వడు కాబట్టి ముక్కనుమ మరునాడు, ఒక అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, నువ్వే తీసి పొయ్యి. సీసా ఆయన చేతికి మాత్రం ఇవ్వకు.

నీ మామయ్య