వెన్నునీరు ఐస్‌లో పంపవచ్చా?

ప్రశ్న: పశ్చిమాఫ్రికా దేశం నైజర్‌లో మెనింజైటిస్ (మెదడు, వెన్నుపాము పొరల వాపు) అనుమానితుల వెన్నునీటిని మారుమూల ఆసుపత్రుల నుంచి రాజధాని నియామేకు పంపుతారట. ఐస్ పెట్టెలో పెడితే చాలదా? అసలు చికిత్స మొదలయ్యాక ఈ పరీక్ష ఎందుకు?

జవాబు: సూక్ష్మజీవిని ల్యాబ్‌లో పెంచి చూడాలంటే ఐస్ అస్సలు వద్దు. ఈ జబ్బు తెచ్చే బాక్టీరియా మెనింగోకోకస్ చలికి తట్టుకోలేదు. అందుకే ట్రాన్స్-ఐసొలేట్ సీసాలు (దారిలో సూక్ష్మజీవిని బతికించే పోషక ద్రవం ఉన్నవి) వాడతారు. ఇంకా వాడని సీసాను ఫ్రిజ్‌లో దాచినా, వాడే ముందు బయటపెట్టి గది వేడికి రానివ్వాలి. లోపలి ద్రవం మసకబారి ఉంటే పారేయాలి. రబ్బరు మూతను ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక, సిరంజితో 0.5 నుంచి 1 మి.లీ. వెన్నునీరు ఎక్కించాలి. వెంటనే పంపలేకపోతే దూది పెట్టిన స్టెరైల్ సూది గుచ్చి గాలి ఆడనివ్వాలి, బయల్దేరేటప్పుడు తీసేయాలి. పీసీఆర్ (సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని గుర్తించే పరీక్ష) కోసం తీసిన చిన్న గొట్టాన్ని మాత్రం చల్లగానే పంపవచ్చు. దానికి బతికున్న సూక్ష్మజీవి అక్కర్లేదు. యాంటీబయాటిక్ పడ్డాక కల్చర్‌లో (ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో) ఏమీ పెరగకపోయినా పీసీఆర్ తరచూ పట్టేస్తుంది. నమూనా కోసం సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌ను ఆలస్యం చేయడం మాత్రం ప్రాణాంతకం.

చికిత్స ఆ రోగికి, పరీక్ష ఊరికి. 2010 తర్వాత మెనింగోకోకస్ ‘ఎ’ రకం టీకాతో అక్కడ ఆ రకం దాదాపు మాయమైంది. 2015లో నైజర్‌ను ‘సి’ రకం ముంచెత్తింది. రకం తెలియకుండా టీకా ఎంచలేరు. 30,000 నుంచి లక్ష జనాభా ఉన్న ప్రాంతంలో, వారంలో లక్షమందికి 3 అనుమానిత కేసులంటే హెచ్చరిక, 10 అంటే మహమ్మారి. లక్షలమంది ఉన్న జిల్లా మొత్తానికి సగటు తీస్తే ఒక మూల రగులుతున్నది కనబడదు. అందుకే చిన్న ప్రాంతాలుగా విడదీసి, వారం వారం లెక్కించాలి.