డెంటల్ అసిస్టెంటుగా చేరేవాళ్లు మొదటి మూడు నెలల్లో ఏం నేర్చుకోవాలి?

ఇంటర్ బైపీసీ అయింది, డెంటల్ అసిస్టెంటు పని నేర్చుకోవాలనుంది, కోర్సు చేయాలా లేక నేరుగా క్లినిక్‌లో చేరాలా, ముందు ఏం పట్టుకోవాలి అని అడిగారు.

కోర్సు సంగతి క్లుప్తంగా చెప్తాను. 1948 నాటి డెంటిస్ట్స్ యాక్టు రిజిస్ట్రేషన్ చెప్పింది డెంటిస్టులకు, హైజీనిస్టులకు (పళ్లు శుభ్రం చేసేవాళ్లు), డెంటల్ మెకానిక్‌లకే (కట్టుడు పళ్లు తయారుచేసేవాళ్లు). అసిస్టెంటు పేరు అందులో లేదు. అందుకే మన దగ్గర ఎక్కువమంది క్లినిక్‌లో చేరి, చూసి, చేసి నేర్చుకున్నవాళ్లే. హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ వాళ్ల డెంటల్ అసిస్టెంటు సర్టిఫికెట్ ఉంటే మంచిదే, కార్పొరేట్ ఆసుపత్రుల్లో చూస్తారు. ముందుముందు మీ చేత్తో మీరే స్కేలింగ్ (పళ్ల మీది గార తీయడం) చేయాలనుంటే మాత్రం రెండేళ్ల హైజీనిస్టు డిప్లొమాకే వెళ్లండి. "అలవాటైపోయావుగా, ఈ పేషెంటుకి క్లీనింగ్ నువ్వే చేసెయ్" అనే చోట ఒప్పుకోకండి. ఆ పని చేసే అధికారం అసిస్టెంటుకి లేదు.

ఇక అసలు విషయం. అందరూ ఛైర్ పక్కన నిలబడి సక్షన్ (నోట్లో నీళ్లు, ఉమ్మి లాగే గొట్టం) పట్టుకోవడం దగ్గర మొదలుపెట్టాలని చూస్తారు. నన్నడిగితే మొదటి నెలంతా పరికరాలు కడిగే సింకు దగ్గరే గడపాలి. అక్కడ పొరపాటు జరిగితే డాక్టరు ఎంత నైపుణ్యం ఉన్నవాడైనా దిద్దలేడు, పేషెంటుకి తెలియనే తెలియదు.

కడగడానికి మందపాటి రబ్బరు గ్లవ్స్ వేసుకోవాలి, పేషెంటు దగ్గర వాడే పల్చటివి కాదు. వాడిన పరికరాల మీద రక్తం ఎండనివ్వకూడదు. వెంటనే కడగడం కుదరకపోతే ఎంజైమ్ ద్రావణంలో నానబెట్టండి. అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో (ధ్వని కంపనాలతో మురికి వదిలించే తొట్టి) అయిదు నుంచి పది నిమిషాలు ఉంచి, తీసి, మంచినీళ్లతో కడిగి, దీపం కింద ఒక్కొక్కటీ చూడండి. బర్ల (పంటిని తొలిచే మొనలు) గాడుల్లో, ఫోర్సెప్స్ (పన్ను పీకే పటకారు) ముక్కుల్లో, స్కేలర్ (గార తీసే పరికరం) మొనల దగ్గర మురికి మిగిలిపోతుంది. మురికి ఉన్నచోటికి ఆవిరి చేరదు, అది ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరితో క్రిములను చంపే యంత్రం) పెట్టినా శుద్ధి అయినట్టు కాదు. బాగా తుడిచి ఆరబెట్టాకే పౌచ్‌లో (ఆటోక్లేవ్‌లో పెట్టే కాగితపు సంచి) పెట్టాలి. తడి మీద పెడితే మరకలు, తుప్పు. ఫోర్సెప్స్, కత్తెరల్లాంటివి నోరు తెరిచి ఉంచాలి.

ఆటోక్లేవ్ లెక్క రెండు రకాలు: 121 డిగ్రీల దగ్గర 15 పౌండ్ల ఒత్తిడితో 15 నుంచి 30 నిమిషాలు, లేదా 134 డిగ్రీల దగ్గర 30 పౌండ్లతో 3, 4 నిమిషాలు. మీ మెషిన్ పుస్తకంలో ఏ సరుకుకి ఎంత అని ఉంటే అదే పాటించండి. ఆ సమయం స్విచ్ వేసినప్పటి నుంచి కాదు, వేడి ఆ అంకె అందుకున్నప్పటి నుంచి. చిన్న క్లినిక్‌లలో ఇంకా కుక్కర్ లాంటి నిలువు ఆటోక్లేవ్‌లు ఉన్నాయి. వాటిలో లోపలి గాలి మొత్తం వెళ్లిపోయి ఆవిరి ధారగా వచ్చాకే వాల్వ్ మూయాలి. గాలి ఉండిపోతే గేజ్ 15 చూపిస్తుంది కానీ లోపల 121 ఉండదు. పౌచ్‌లు ఒకదాని మీద ఒకటి పేర్చకుండా అంచు మీద నిలబెట్టండి. బయటికి వచ్చిన పౌచ్ తడిగా ఉంటే దాన్ని వాడొద్దు, తడి కాగితం గుండా క్రిములు లోపలికి వెళ్తాయి. నీళ్లు డిస్టిల్డ్‌వే పోయాలి. మన బోరు నీళ్లు పోస్తే కొన్నాళ్లకే లోపల తెల్లటి పొలుసు కట్టి హీటర్, వాల్వ్‌లు పాడవుతాయి.

పౌచ్ మీది వేడికి రంగు మారే టేపు మారితే చాలనుకోకండి. ఆ పౌచ్‌కి వేడి తగిలిందని మాత్రమే దాని అర్థం. క్రిములు చచ్చాయా లేదా చెప్పేది స్పోర్ పరీక్ష (మొండి క్రిముల బీజాలను లోపల పెట్టి చూడటం), అది వారానికోసారి జరగాలి. గ్లుటరాల్డిహైడ్ (క్రిములను చంపే రసాయనం) 2 శాతం ద్రావణంలో ఇరవై నిమిషాలు ముంచితే అది క్రిములను తగ్గించడం వరకే. స్టెరిలైజ్ కావాలంటే పది గంటలు పడుతుంది. ఒక పేషెంటుకీ ఇంకో పేషెంటుకీ మధ్య ఫోర్సెప్స్‌ని పది నిమిషాలు ముంచి తీసి వాడేచోట, లేదా నీళ్లలో మరగబెట్టి వాడేచోట పని నేర్చుకోకండి. అలవాటైన తప్పు పోగొట్టుకోవడం కష్టం.

ఎయిరోటర్ (గాలితో తిరిగే పళ్ల డ్రిల్లు) కూడా ప్రతి పేషెంటు తర్వాతా ఆటోక్లేవ్‌లోకే వెళ్లాలి. విప్పే ముందు నీళ్లతో ఇరవై ముప్పై సెకన్లు తిప్పండి, నోట్లోంచి లోపలికి లాగిన తడి బయటికి పోతుంది. తర్వాత నూనె కొట్టి, కాసేపు తిప్పి మిగులు నూనె పోగొట్టాలి. ఈ మెట్టు వదిలేస్తే ఆ నూనె తుంపర ఎచ్ చేసిన (ఫిల్లింగ్ అంటుకునేలా ఆమ్లంతో గరుకు చేసిన) పంటి మీద పడి ఫిల్లింగ్ ఊడుతుంది. డాక్టరు మెటీరియల్‌ని తిడతాడు, కారణం అది కాదు. ఉదయం రాగానే ఛైర్ నీటి గొట్టాలన్నీ రెండు నిమిషాలు పారించడం, సాయంత్రం కంప్రెసర్ నీళ్లు వదలడం, సక్షన్ ఫిల్టర్ కడగడం కూడా మీ పనులే.

రెండో నెలలో ఛైర్ పక్కకి రండి. డాక్టరుది కుడిచేతివాటమైతే మీ చోటు పేషెంటుకి ఎడమవైపు. గడియారం ముల్లుతో చెప్తే పేషెంటు తల దగ్గర పన్నెండు అనుకోండి, మీరు రెండుకీ నాలుగుకీ మధ్య. మీ కళ్లు డాక్టరు కళ్ల కన్నా పది, పదిహేను సెంటీమీటర్లు ఎత్తులో ఉండేలా స్టూల్ పెంచుకోవాలి, లేకపోతే నోరు కనపడదు, నడుము వంగిపోతుంది. సక్షన్ కుడిచేత్తో, పరికరాలు అందించడం ఎడమచేత్తో. ఎయిరోటర్ నోట్లోకి వచ్చేముందే సక్షన్ మొన అక్కడ ఉండాలి. సన్నటి సక్షన్ చుట్టూ పేషెంటుని పెదాలు మూయమనకండి, గొట్టంలోని మురికి వెనక్కి నోట్లోకి రావచ్చు. పళ్ల అంకెలు నోటికి రావాలి. 26 అంటే పేషెంటు ఎడమవైపు పైదవడలో ఆరో పన్ను, 36 అంటే అదే వైపు కిందిది. కుడి ఎడమలెప్పుడూ పేషెంటువే, మీవి కావు.

కలిపే పనుల్లో అల్జినేట్ (పళ్ల అచ్చు తీసే పొడి) దగ్గరే అందరూ తడబడతారు. డబ్బా తిప్పి పొడిని వదులు చేసి కొలవాలి, గట్టిపడిన పొడి ఎక్కువ తూగుతుంది. గిన్నెలో ముందు నీళ్లు, వాటిలో పొడి. గరిటెతో గిన్నె గోడకేసి నొక్కుతూ 45 సెకన్ల నుంచి నిమిషం కలపాలి, ఫాస్ట్ సెట్ అయితే ఇంకా తక్కువ. గోడకి నొక్కితేనే బుడగలు చస్తాయి. నీళ్లు 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో మేడ మీది ట్యాంకు నీళ్లు పోస్తే ట్రేలోకి ఎత్తేలోపే గిన్నెలో గట్టిపడిపోతుంది. మరీ ఐస్ నీళ్లు పోస్తే ఆలస్యమై పేషెంటుకి వాంతి వస్తుంది. గట్టిపడ్డాక ట్రేని ఊపకుండా ఒక్కసారిగా లాగాలి. కడిగి, డిస్‌ఇన్ఫెక్ట్ చేసి, తడి టిష్యూ చుట్టి, పది పదిహేను నిమిషాల్లో స్టోన్ (పళ్ల నమూనా చేసే జిప్సం పొడి కలిపిన ముద్ద) పోయాలి. ఆరనిస్తే కుంచించుకుంటుంది, నీళ్లలో ముంచితే ఉబ్బుతుంది, ఎలా అయినా క్యాప్ (పంటికి తొడిగే తొడుగు) కుదరదు. స్టోన్ 100 గ్రాములకి సుమారు 30 మి.లీ. నీళ్లు. "జారుగా ఉంటే పోయడం తేలిక" అని నీళ్లు పెంచితే మోడల్ అంచులు అరిగిపోతాయి.

జీఐసీకి (గ్లాస్ అయానమర్ సిమెంటు, ఫిల్లింగ్‌కి వాడేది) ద్రవం సీసాని నిలువుగా తలకిందులుగా పట్టి చుక్క వేయండి, వాలుగా పట్టుకుంటే చుక్క పరిమాణం మారుతుంది. అర నిమిషంలో కలిపి, మెరుపు ఉండగానే అందించాలి. మెరుపు పోయి మసకబారితే పడేసి కొత్తది కలపండి, అది ఇక పంటికి అంటదు.

ఆర్‌సీటీ (రూట్ కెనాల్) ట్రేలో ఒక్క విషయం ప్రాణం పెట్టి చూసుకోండి. హైపోక్లోరైట్ (పంటి వేరు లోపల కడిగే బ్లీచ్ ద్రావణం), సెలైన్, మత్తు మందు సిరంజిలో చూడటానికి ఒకేలా నీళ్లలా ఉంటాయి. నింపిన క్షణమే పేరు రాసి అంటించాలి. పేరు లేని సిరంజి డాక్టరు చేతికి ఇవ్వకండి, అందులో ఏముందో మీకు గుర్తున్నా సరే. హైపోక్లోరైట్ చిగుట్లోకి ఇంజెక్ట్ అయితే మొహం వాచి, కణజాలం కాలిపోతుంది.

వ్యర్థాలకి 2016 నిబంధనల రంగులు: రక్తం దూది, తీసిన పళ్లు పసుపు, గ్లవ్స్, సక్షన్ ట్యూబులు ఎరుపు, సూదులు, బ్లేడ్లు తెల్లటి గట్టి డబ్బా, గాజు సీసాలు నీలం. అయితే వెండి ఫిల్లింగ్ ఉన్న పళ్లు మాత్రం పసుపులో వేయకండి, కాలిస్తే పాదరసం ఆవిరవుతుంది. సూదికి రెండు చేతులతో మూత పెట్టొద్దు. మూతని ట్రేలో ఉంచి, ఒక్క చేత్తో సూదిని దానిలోకి దూర్చి ఎత్తాలి. గుచ్చుకుంటే పిండకండి, సబ్బు నీళ్లతో కడిగి వెంటనే చెప్పండి. హెచ్‌ఐవీ మందు అవసరమైతే రెండు గంటల్లో మొదలుపెడితే మేలు, 72 గంటలు దాటకూడదు.

హెపటైటిస్ బి టీకా 0, 1, 6 నెలలకి మూడు డోసులు. చివరిదయ్యాక ఒకటి రెండు నెలలకి రక్తపరీక్షలో యాంటీబాడీలు 10 mIU/mLకి తగ్గకుండా ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఆరు నెలలు పడుతుంది కాబట్టి క్లినిక్ ఖరారయ్యేదాకా ఆగకుండా మొదటి డోసు ఈ వారమే వేయించుకోండి. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ఆటోక్లేవ్ చూపించమని, స్పోర్ పరీక్ష రిజిస్టరు ఉందా అని అడగండి.