రొయ్యల ప్లాంటు మొత్తం డీసీకి మార్చాలా? మొత్తం వద్దు, ఒక పంపుతో మొదలుపెట్టండి

మీరు అడిగింది ఇది: భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు, పైకప్పు మీద సోలార్, కంప్రెసర్లకీ పంపులకీ వీఎఫ్‌డీ డ్రైవ్‌లు (మోటారు స్పీడు మార్చే పెట్టెలు). సోలార్ ఇచ్చే డీసీని (ఒకే వైపు పారే కరెంటు) ఇన్వర్టర్ ఏసీ (అటూ ఇటూ దిశ మారే కరెంటు) చేస్తోంది. డ్రైవ్ దాన్ని లోపల మళ్లీ డీసీ చేసి, మోటారుకి మళ్లీ ఏసీ ఇస్తోంది. ఇన్ని మార్పిళ్లు దండగ కదా, అన్నిటినీ ఒకే డీసీ బస్ (అన్ని మెషిన్లకీ ఉమ్మడిగా ఉండే డీసీ లైను) మీద పెట్టేస్తే కరెంటు బిల్లు ఎంత తగ్గుతుందని మీ సందేహం.

నేను డెల్టాలోనే ఒక పంచదార ఫ్యాక్టరీ ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో చాలాకాలం పనిచేశాను. ఇప్పుడు చుట్టుపక్కల ఐసు ఫ్యాక్టరీలు, రైస్ మిల్లుల పనులు చూస్తుంటాను. మార్పిడి నష్టం తగ్గుతుందన్న ఒక్క కారణంతో అయితే మాత్రం మార్చకండి.

లెక్క వేద్దాం. 415 వోల్టుల త్రీఫేజ్ కరెంటు, డ్రైవ్‌లో ఏసీని డీసీ చేసే డయోడ్ బ్రిడ్జ్ దాటితే సుమారు 560 వోల్టుల డీసీ అవుతుంది. ఆ దారిలో కరెంటు ఒకేసారి రెండు డయోడ్లలోంచే పోతుంది, ఒక్కోదానిలో తగ్గేది వోల్టు చిల్లర. 560లో రెండు మూడు వోల్టులంటే అర శాతం. డ్రైవ్‌లో అసలు వేడి మోటారు వైపున్న ఐజీబీటీలది (డీసీని మళ్లీ ఏసీ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు). డీసీ బస్ పెట్టినా అవి ఉండాల్సిందే, ఎందుకంటే ఇండక్షన్ మోటారు నేరుగా డీసీ మీద తిరగదు, వైండింగ్ కాలిపోతుంది. ఇక సోలార్ ఇన్వర్టర్ ఎఫిషియెన్సీ ఎలాగూ 97, 98 శాతం దాకా ఉంటుంది. అది తీసేసినా ప్యానెళ్ల నుంచి పూర్తి పవర్ లాగాలంటే ఒక డీసీ-డీసీ కన్వర్టర్ పెట్టాలి, దాని నష్టం దానికి ఉంటుంది. అన్నీ కలిపి మీకు మిగిలేది ఒకటి రెండు శాతం. కంప్రెసర్ కండెన్సర్ శుభ్రంగా ఉంచుకున్నా అంతకంటే ఎక్కువే వస్తుంది.

డీసీ బస్‌తో నిజంగా లాభం వచ్చింది పంచదార ఫ్యాక్టరీలో చూశాను. సెంట్రిఫ్యూగల్ మెషిన్ బుట్టలో పాకం నింపి, నిమిషానికి వెయ్యి చుట్లు దాటించి, మళ్లీ బ్రేక్ వేసి, చక్కెర గీకి తీస్తాం. కొన్ని నిమిషాలకో సైకిల్, సీజనంతా అదే. అంత బరువైన బుట్టని ఆపేటప్పుడు మోటారు జనరేటర్‌లా పనిచేసి కరెంటు వెనక్కి పంపుతుంది. డ్రైవ్‌లు విడివిడిగా ఉన్నంతకాలం అదంతా బ్రేకింగ్ రెసిస్టర్లలో వేడిగా పోయేది. డ్రైవ్‌ల డీసీ వైపులన్నీ కలిపేశాక ఒక బుట్ట ఆగుతుంటే పక్క బుట్ట ఆ కరెంటుతోనే స్పీడు అందుకునేది. అంతకుముందు అవే మెషిన్లకి డీసీ మోటార్లు ఉండేవి. కార్బన్ బ్రష్‌లు, కమ్యుటేటర్ మీద నిప్పురవ్వలు, పిప్పి దుమ్ము. ఆ మోటార్లు వదిలించుకున్న రోజు షిఫ్టువాళ్లంతా సంతోషించారు. క్రేన్లకీ లిఫ్టులకీ కూడా ఇదే లాభం ఉంటుంది. మీ అమ్మోనియా కంప్రెసర్ మాత్రం బ్రేక్ వేసే రకం కాదు, వెనక్కి ఇచ్చేదేమీ లేదు.

ఇక కష్టాల సంగతి. 50 హెర్ట్జ్ ఏసీ సెకనుకి వంద సార్లు సున్నా అవుతుంది. స్విచ్ విడిపోగానే లేచిన ఆర్క్ ఆ సున్నా దగ్గర ఆరిపోతుంది. డీసీకి సున్నా లేదు, ఆర్క్ సాగుతూనే ఉంటుంది. పాలకొల్లు వైపు ఒక మిల్లులో కాంట్రాక్టరు సోలార్ బాక్సులో మామూలు ఏసీ ఎంసీబీ (చిన్న బ్రేకర్) పెట్టి వెళ్లాడు. లోడు మీద ఆపగానే అది కరిగి ముద్దైంది. మీ డీఫ్రాస్ట్ హీటర్లకి (ఫ్రీజర్‌లో పేరుకున్న మంచు కరిగించేవి) డీసీ అయినా పర్వాలేదు, కానీ వాటి థర్మోస్టాట్ కాంటాక్టులు తట్టుకోవు. కాంటాక్టర్లు, ఫ్యూజులు, బ్రేకర్లు అన్నీ డీసీ రేటింగ్‌వే కొనాలి, ఫ్యూజులు రెండు పోల్స్‌లోనూ వేయాలి. అర్ధరాత్రి ఏసీ కాంటాక్టర్ పోతే తెలిసిన షాపు తెరిపించి తెచ్చుకుంటాం. 600 వోల్టుల డీసీ బ్రేకర్ భీమవరంలో ఆ టైముకి ఎవరిస్తారు? లోపల బ్లాక్ ఫ్రీజర్ నిండా సరుకు ఉంటే ఆ టెన్షన్ ఊహించుకోండి.

మన నేలతో ఇంకో చిక్కు ఉంది. తడి, ఉప్పు కలిసిన మట్టిలోకి డీసీ లీకైతే ఎలక్ట్రోలిసిస్ జరిగి ఇనుప పైపుల్నీ ఎర్త్ రాడ్లనీ తినేస్తుంది. ఏసీ లీకేజీతో ఈ బాధ చాలా తక్కువ. పైగా మామూలు ఏసీ టైపు ఆర్‌సీసీబీ (లీకేజీ వస్తే కరెంటు ఆపే స్విచ్) డీసీ లీకేజీని పసిగట్టలేదు. డీసీ బస్‌కి లీకేజీని కనిపెట్టి హెచ్చరించే ఇన్సులేషన్ మానిటర్ పెట్టాల్సిందే. మీ ఫ్లోర్ మీద ఆడవాళ్లు రోజంతా తడిలో నిలబడి పనిచేస్తారు కాబట్టి ఈ ఒక్క విషయంలో బేరమాడకండి.

డీసీ అంటే పనికిరానిదని కాదు. గోపాలపురం మండలం సగ్గొండలో కాస్టిక్ సోడా తయారయ్యేది డీసీ మీదే. తూర్పు, దక్షిణ గ్రిడ్‌ల మధ్య గాజువాకలో పెట్టిన లింకు కూడా డీసీదే. జర్మనీలో ఫ్యాక్టరీలని డీసీ మీద నడపడానికి 2016 నుంచీ ప్రాజెక్టులు నడిచాయి. కొత్త ప్లాంటు కట్టేవాళ్లు, బ్యాటరీలు కూడా పెట్టేవాళ్లు ఆలోచించాల్సిందే. నడుస్తున్న ప్లాంటుని పగలగొట్టి మార్చడం వేరే లెక్క.

చేసి చూడాలనుంటే పగలు మాత్రమే నడిచే నీళ్ల పంపు ఒకటి ఎంచుకోండి. సోలార్ పంప్ డ్రైవ్ కొని, ప్యానెల్ స్ట్రింగ్‌ని (వరసగా కలిపిన ప్యానెళ్లు) నేరుగా దానికే ఇవ్వండి. ఉన్న డ్రైవ్‌కే డీసీ ఇద్దామనుకుంటే ముందు కంపెనీ మాన్యువల్లో ప్లస్, మైనస్ టెర్మినళ్లకి బయటి సప్లై ఒప్పుకుంటుందో లేదో చూడండి. కెపాసిటర్లు మెల్లగా చార్జ్ అయ్యే ప్రీచార్జ్ సర్క్యూట్ ఆ దారిలో ఉందో లేదో కూడా అడగండి. కొన్ని డ్రైవ్‌లు త్రీఫేజ్ కనబడక ‘ఇన్‌పుట్ ఫేజ్ లాస్’ అని ట్రిప్ అవుతాయి, ఆ పారామీటర్ ఆఫ్ చేయాలి. కవర్ తీసేముందు మాన్యువల్లో చెప్పినంతసేపు ఆగి, డీసీ వోల్టేజీ మీటర్‌తో కొలిచి గానీ చెయ్యి పెట్టకండి.

పంపు హెచ్‌పీ, డ్రైవ్ మోడల్, ఒక్కో స్ట్రింగ్‌లో ఎన్ని ప్యానెళ్లున్నాయో ఇక్కడే పెట్టండి. వోల్టేజీ సరిపోతుందో లేదో లెక్క చూసి చెబుతాను.