తప్పు చేసిన లెక్కను దాచకండి, రాసిపెట్టుకోండి

ప్రశ్న: మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, చదివింది ఒరియా మీడియం. వయసు 26. పదో తరగతి దాకా క్లాసులో ఫస్టు నేనే. బ్యాంకు క్లర్కు ప్రిలిమ్స్ రెండుసార్లు రాస్తే రెండుసార్లూ లెక్కల దగ్గరే పోయింది. ఇప్పుడు మాక్ టెస్టు తెరవాలంటేనే చేతులు చల్లబడుతున్నాయి. "అందరికీ అన్నీ రావు, ఇంక ఊరుకో" అంటున్నారు మావారు. చిన్నప్పుడు "మా గుంట బుర్ర చురుకు" అని మురిసిపోయిన అమ్మ ఇప్పుడు ఏమీ అనడం లేదు. నాకు నిజంగానే తెలివి లేదా?

జవాబు: పరీక్ష పోవడం కంటే మాక్ టెస్టు తెరవలేకపోవడమే మీకు ఎక్కువ నష్టం చేస్తోందమ్మా. తెరవకపోతే తప్పులు ఎక్కడున్నాయో తెలియదు. మూడోసారి కూడా అవే తప్పులతో హాల్లో కూర్చుంటారు.

ఈ భయానికీ చిన్నప్పటి మెప్పుకీ సంబంధం ఉండే అవకాశం ఉంది. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఐదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగాలు ప్రచురించారు. కొందరిని తెలివైనవాళ్లని మెచ్చుకున్నారు, కొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తెలివికి మెప్పు పొందిన పిల్లలు తర్వాత తేలిక పనుల వైపే మొగ్గారు. ఓసారి కష్టమైనవి ఇచ్చాక వాళ్ల మార్కులూ తగ్గాయి. తప్పు చేస్తే 'తెలివైనది' అన్న పేరు పోతుందనిపించినప్పుడు ఎవరైనా తప్పుకు దూరంగానే జరుగుతారు. అమ్మగారు ప్రేమతో అన్న మాటే అది, ఆవిడను తప్పుపట్టకండి.

అలాగని రోజూ "నేను చేయగలను" అనుకుంటూ కూర్చుంటే మార్కులు రావు. 2019లో అమెరికాలో 12,000 మందికి పైగా తొమ్మిదో తరగతి పిల్లలకు 'తెలివి పెరుగుతుంది' అని చిన్న పాఠం చెప్పి చూశారు. చదువులో వెనకబడినవాళ్ల గ్రేడు సగటున 0.1 పాయింటు పెరిగింది. లాభం ఉంది గానీ చిన్నది. ఎంత కష్టపడ్డా పద్ధతి మార్చకపోతే చాలదని డ్వెక్ కూడా తర్వాత స్పష్టంగా చెప్పారు.

అందుకని ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. అందులో తప్పు పోయిన లెక్కలే రాయాలి. ఉదాహరణకు ఇది: ధర 20 శాతం పెంచి, మళ్లీ 20 శాతం తగ్గించారు, మొత్తం మార్పు ఎంత? 'ఏమీ లేదు' అని పెట్టారనుకుందాం. ఇంటూ కొట్టి సరైన జవాబు రాసేస్తే ఏమీ నేర్చుకున్నట్టు కాదు. మీరు ఏమనుకున్నారో రాయండి: "రెండు 20 శాతాలూ ఒకటే అనుకున్నాను." దాని కింద: "రెండోది 120 మీద. 100, 120, 96. నాలుగు శాతం తగ్గింది." ఆ మొదటి వాక్యం రాయడానికి సిగ్గేస్తుంది. అయినా రాయండి, మీ ఆలోచన ఎక్కడ పక్కకు పోయిందో చూపించేది అదే.

ప్రతి తప్పు పక్కన ఒక అక్షరం వేయండి. విషయం తెలియకపోతే 'తె', తొందరపాటైతే 'తొ', టైము చాలకపోతే 'టై'. మూడింటికీ మందు ఒక్కటి కాదు కదా. 'తె' ఎక్కువుంటే మాక్ టెస్టులు తగ్గించి ఆ పాఠం మొదటినుంచి చదవాలి. 'తొ' ఎక్కువుంటే ప్రశ్నలో ఏమి అడిగారో గీత గీసుకునే అలవాటు చేసుకోవాలి. 'టై' అయితే 20 వరకు ఎక్కాలు, 30 వరకు వర్గాలు నోటికి రావాలి. ప్రిలిమ్స్‌లో 35 లెక్కలకు 20 నిమిషాలే, అంటే ఒక్కోదానికి 34 సెకన్లు. తప్పుకు పావు మార్కు పోతుంది, కాబట్టి గుడ్డిగా పెట్టడం కంటే వదిలేయడమే మంచిది. ప్రశ్నలు ఒరియాలో కూడా చదువుకోవచ్చు. చాలామంది ఇంగ్లీషు అర్థం చేసుకోవడంలోనే సెకన్లు పోగొట్టుకుని, లెక్కలు రావనుకుంటారు.

తప్పు పోయిన లెక్కను మర్నాడు, మూడు రోజులకు, వారానికి మళ్లీ చేయండి, జవాబు చూడకుండా. చూసి చదివితే వచ్చినట్టే అనిపిస్తుంది, హాల్లో రాదు. మొదటి రెండు వారాలు రోజుకు పదే లెక్కలు. టైము పెట్టుకోకండి, మార్కులు వేసుకోకండి. మూడో వారం నుంచి ఆదివారం ఒక్క సెక్షన్, 20 నిమిషాలు. 'ఖాళీ దొరికినప్పుడు' అని పెట్టుకుంటే ఇంటి పనుల్లో ఆ ఖాళీ దొరకదు. "రాత్రి గిన్నెలు కడగడం అయ్యాక" అని ఒక పనికి ముడిపెట్టండి.

గిడుగు రామమూర్తి గారు మీ ఊళ్లోనే 1880లో టీచరుగా చేరారు. తెలుగు వచ్చిన ఒక సవర గిరిజనుణ్ని ఇంట్లో పెట్టుకుని ఒక్కో మాటా రాసుకుంటూ సవర భాష నేర్చుకున్నారు. ఆయన సవర వ్యాకరణం అచ్చయింది 1931లో, నిఘంటువు 1938లో. అన్నేళ్లు మీకు పట్టవు లెండి.

మీవారితో వాదించకండి. "నాకు తెలివుంది" అని ఒప్పించడం కష్టం. మూడు నెలలు, ఆదివారం ఒక అరగంట ఎవరూ పిలవకుండా చూడమని మాత్రం అడగండి. నెలాఖరున మార్కులు కాకుండా నోట్‌బుక్ చూపించండి. మొదటి వారంలో 'తె'లు ఎన్ని, నాలుగో వారంలో ఎన్ని అని ఆయన్నే లెక్కపెట్టమనండి. మూడు నెలలు నిజంగా ఇలా చేశాక కూడా 'తె'లు తగ్గకపోతే, అప్పుడు కోచింగో వేరే పరీక్షో ఆలోచిద్దాం. ఈలోగా నిద్ర, తిండి రెండు వారాలకు మించి దెబ్బతింటే ఆగకుండా డాక్టర్ని కలవండి, లేదా మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, అది ఉచితం.