రేడియాలజీనా, జనరల్ మెడిసినా?
ఎంబీబీఎస్ తర్వాత రాసే నీట్ పీజీ పరీక్షలో రెండూ వచ్చే ర్యాంకు ఉంటే, ముందుముందు ఏది మేలని అడిగారు. పీజీ డిగ్రీ ఎండీ రెండింటికీ 3 ఏళ్లే. స్కాన్లు చూసి రిపోర్టు ఇచ్చే రేడియాలజీలో చదువు అవగానే సంపాదన మొదలవుతుంది. మెడిసిన్ వాళ్లలో చాలామంది సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష నీట్ ఎస్ఎస్ రాసి, కార్డియాలజీ (గుండె వైద్యం) లాంటి డీఎం కోర్సుకి ఇంకో 3 ఏళ్లు పెడతారు.

అసలు తేడా సొంత ప్రాక్టీసు దగ్గర తెలుస్తుంది. ఫిజీషియన్‌కి, అంటే జనరల్ మెడిసిన్ డాక్టర్‌కి, చిన్న ఊళ్లో ఒక గది, బీపీ మిషను ఉంటే మొదలుపెట్టొచ్చు. స్కానింగ్ సెంటర్‌కి మిషన్లకే బోలెడు అప్పు. పైగా 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం (పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించేది) కింద రిజిస్ట్రేషన్, గర్భిణులకు చేసే ప్రతి స్కాన్‌కీ వివరాలు రాసే ఫారం ఎఫ్. పేషెంట్లను పంపే డాక్టర్ల మీద ఆధారపడకా తప్పదు.

ఏఐ వచ్చి రేడియాలజిస్టులను ఇంటికి పంపేస్తుందన్న టెన్షన్ మాత్రం అతి అనిపిస్తుంది నాకు. రిపోర్టు కింద సంతకం పెట్టాల్సింది డాక్టరే కదా!